బిల్లింగ్ ఎక్సెప్షన్ లిస్టు రోజూ ఖాళీ చేస్తున్నాం, తెల్లారేసరికి మళ్లీ నిండుతోంది. మీరెలా తగ్గించారు?

కౌంటర్_నంబర్_3:
మాది మరీ పెద్దదీ చిన్నదీ కాని ఆసుపత్రి, బిల్లింగ్‌లో నలుగురం. ల్యాబ్, ఫార్మసీ, రేడియాలజీ నుంచి ఛార్జీలు వాటంతట అవే బిల్లింగ్‌లోకి రావాలి, ఎక్కడైనా పొంతన కుదరకపోతే ఆ లైను ఎక్సెప్షన్ లిస్టులో పడుతుంది. పొద్దున్న వచ్చేసరికి రెండు వందల పైనే ఉంటాయి. ఒక్కొక్కటీ తెరిచి, ఆ డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేసి, సరిచేసి వదులుతాం, సాయంత్రానికి ఖాళీ, మర్నాడు షరా మామూలే. ఈలోపు డిశ్చార్జి అయిన పేషెంటు బంధువులు కౌంటర్ ముందు నిలబడి ఉంటారు, బిల్లు ఫైనల్ కాదు. పోయిన నెల ఒకరు ఇంటికెళ్లాక రెండు టెస్టుల ఛార్జీ బయటపడింది. అడగలేం, వదల్లేం. ఇంకో మనిషిని ఇవ్వండంటే పైవాళ్లు కొత్త సాఫ్ట్‌వేర్ కొందాం అంటున్నారు. మారిస్తే నిజంగా పోతుందా ఇది?

పాత_బిల్లింగ్_మనిషి:
పోదండి. ముందు రెండు వారాల లిస్టు ఎక్సెల్‌లోకి దించి కారణాల వారీగా లెక్కపెట్టండి. పేషెంటు వారీగా చూస్తే రెండు వందల సమస్యలు కనిపిస్తాయి, కారణం వారీగా చూస్తే ఐదో ఆరో. మా దగ్గర పెద్దది ఫార్మసీది. ఐటమ్ మాస్టర్‌లో (మందుల వివరాలన్నీ ఉండే మూల జాబితా) ఒక మందుకి యూనిట్ స్ట్రిప్ అని ఉంది, వార్డుకి ఇచ్చేది మాత్రల లెక్కన. 10 మాత్రలు ఇస్తే 10 స్ట్రిప్పుల బిల్లు, క్వాంటిటీ లిమిట్ దాటింది కాబట్టి పట్టుబడేది. తక్కువ మాత్రలు ఇచ్చినప్పుడు పట్టుబడకుండా వెళ్లిపోయేది, అది వేరే కథ. నెలల తరబడి బిల్లులో దిద్దుతూ కూర్చున్నాం, మాస్టర్‌లో ఒక్క లైను మారిస్తే అయిపోయింది.

ఇంకోటి, ఎమర్జెన్సీలో తాత్కాలిక నంబర్ మీద శాంపిల్ వెళ్లిపోతుంది, తర్వాత పాత రికార్డు దొరికి రెండూ కలిపేస్తారు, ఛార్జీ మాత్రం ఆ చచ్చిన నంబర్ మీదే వస్తుంది.

కౌంటర్_నంబర్_3:
ఈ రెండోది మాకు రోజూ ఉంటుంది. రికార్డులు కలిపేశాం అని రిజిస్ట్రేషన్ వాళ్లు అంటారు, మాకేం రాలేదు అని ల్యాబ్ వాళ్లు అంటారు.

ఇంటర్‌ఫేస్_పని:
ఇద్దరూ నిజమే చెబుతూ ఉండొచ్చు. మీది హెచ్‌ఎల్‌7 (ఆసుపత్రి సిస్టమ్‌లు ఒకదానికొకటి సమాచారం పంపుకునే పద్ధతి) అయితే రికార్డులు కలిపినప్పుడు సాధారణంగా ఏ40 అనే మెసేజ్ వెళ్లాలి. ల్యాబ్ సిస్టమ్ దానికి ‘ఏఏ’ (ఒప్పుకున్నాం) అని జవాబిచ్చినా చాలాచోట్ల మెసేజ్ తీసుకుంది అనే అర్థం, లోపల నంబర్ మార్చిందన్న గ్యారంటీ లేదు. ఏ01 (అడ్మిషన్), ఏ08 (వివరాల మార్పు) మెసేజ్‌లు మాత్రమే సెట్ చేసి ఏ40ని పక్కన పడేసే సెటప్‌లు చూశాను. ఒక టెస్ట్ పేషెంటుని కలిపి చూడమనండి, పది నిమిషాల్లో తేలిపోతుంది.

‘విజిట్ దొరకలేదు’ (ఛార్జీ తగిలించడానికి ఆ పేషెంటు ఈసారి వచ్చిన రికార్డు కనపడలేదు) అని పడేవాటిలో కొన్ని అడ్మిషన్ మెసేజ్ కన్నా ఛార్జీ ముందు రావడం వల్ల పడతాయి. వాటిని కాసేపాగి సిస్టమే మళ్లీ ప్రయత్నించేలా పెట్టిస్తే మనిషి చూడక్కర్లేదు. ఎన్నిసార్లో హద్దు పెట్టండి, లేకపోతే అక్కడే తిరుగుతూ ఉంటుంది. డూప్లికేట్లు పట్టడానికి మాత్రం పేషెంటు, తేదీ, టెస్టు పేరు చూడకండి. ఛాతీ నొప్పితో వచ్చినవాళ్లకి ట్రోపోనిన్ అనే గుండె రక్త పరీక్ష కొన్ని గంటల తేడాతో మళ్లీ చేస్తారు, రెండూ అసలైన ఛార్జీలే. ఆర్డర్ నంబర్‌తో పోల్చాలి.

రాత్రి_షిఫ్ట్:
ఆటోమేటిక్‌గా సరిచేయడం అంటే నాకు భయం. ఇదివరకు పనిచేసిన చోట విజిట్ దొరకని ఛార్జీని చివరి విజిట్‌కి తగిలించమని రూల్ పెట్టారు. లిస్టు ఖాళీ, అందరూ ఖుష్. ఓపీ ఛార్జీలు వెళ్లి ఇన్‌పేషెంట్ బిల్లుల్లో కూర్చున్నాయని ఇన్సూరెన్స్ క్లెయిములు వెనక్కి తిరిగొచ్చాక తెలిసింది. మళ్లీ ప్రయత్నించడం సరే, ఊహించి తగిలించడం వద్దు.

మీ కౌంటర్ గొడవకి ఈ రోజే చేయగలిగింది ఒకటుంది. లిస్టుని వచ్చిన వరసలో కాకుండా ఇవాళ డిశ్చార్జి అయ్యేవాళ్లవి పైకి వచ్చేలా పెట్టుకోండి. రేపటివాళ్లవి ముందురోజు సాయంత్రమే చూసేయండి. ల్యాబ్ తప్పు ల్యాబ్ వాళ్ల లిస్టులోనే పడాలి, మీరు ఫోన్లు చేసి దిద్దిపెడుతున్నంత కాలం వాళ్లకి ఆ తప్పు ఉందనే తెలియదు.

కౌంటర్_నంబర్_3:
ఇవాళ్టిది కారణాల వారీగా వేశాను. 214లో 61 ఒకే టెస్టు కోడ్, రేట్ల మాస్టర్‌లోనే లేదు! ల్యాబ్‌ని అడిగితే ఆ టెస్టు మొదలుపెట్టి నెలన్నర అయిందట. మేం నలుగురం రోజూ చేత్తో రేటు వేసి వదులుతున్నాం.

పాత_బిల్లింగ్_మనిషి:
నలుగురూ ఒకే రేటు వేశారా?

కౌంటర్_నంబర్_3:
లేదండి. ఇప్పుడు అవే తీసి చూస్తున్నాం.