డాట్ ఈత్ పేరు కొంటే మామూలు డొమైన్ వదిలెయ్యొచ్చా?

గోదారిగట్టు:
మా ఊరి గ్రంథాలయంలో ఉన్న పాత ఫోటోలు, కరపత్రాలు స్కాన్ చేసి ఓ చిన్న సైట్ పెట్టామండి. డొమైన్ మొదటి ఏడాది చవగ్గానే వచ్చింది, రెన్యువల్‌కొచ్చేసరికి మూడింతలు అడుగుతున్నారు. బ్లాక్‌చెయిన్ (చాలా కంప్యూటర్లలో ఒకేలా ఉండే ఉమ్మడి చిట్టా) మీద డాట్ ఈత్ (.eth) లాంటి పేర్లు కొంటే ఎవరూ లాక్కోలేరని, కొన్నిటికి ఒక్కసారి కడితే జీవితాంతం మనవేనని ఫ్రెండ్ అంటున్నాడు. అది కొనుక్కుని డాట్ ఇన్ వదిలెయ్యొచ్చా?

శీను_నెట్‌వర్క్స్:
వదలొద్దండి. మీ ఊళ్ళోవాళ్ళు ఫోన్లో క్రోమ్ తెరిచి డాట్ ఈత్ పేరు కొడితే సైట్ రాదు, ఎందుకంటే బ్రౌజర్ అడిగేది మామూలు డీఎన్ఎస్‌నే, అంటే పేరు చెప్తే సైట్ అడ్రస్ ఇచ్చే వ్యవస్థనే, దానికి మూలం ఐకాన్ (ICANN) అనే సంస్థ చూసుకునే రూట్ లిస్టు, అందులో ఈత్ లేనే లేదు. బ్రేవ్ లాంటి బ్రౌజర్లో అయితే తెరుచుకుంటుంది, లేదా పేరు చివర డాట్ లిమో తగిలించి గేట్‌వే (మామూలు బ్రౌజర్‌కి ఆ సైట్ తెచ్చి చూపే మధ్యవర్తి) ద్వారా చూడాలి, కానీ ఆ డాట్ లిమో మళ్ళీ ఐకాన్ కిందదే కదా. 2022లో ఈత్ డాట్ లింక్ అనే ఇంకో గేట్‌వే డొమైన్ గడువు దాటిపోయింది, రెన్యూ చెయ్యాల్సిన మనిషి జైల్లో ఉన్నాడు, చివరికి డాట్ ఈత్ పేర్ల వ్యవస్థ ఈఎన్ఎస్ వాళ్ళు అమెరికాలో కోర్టుకెక్కాల్సి వచ్చింది. ఎవరి మీదా ఆధారపడం అన్న వ్యవస్థకి ఆ పరిస్థితి!

తాళంచెవి:
శీను గారు చెప్పింది నిజమే, కానీ ఈ ఆలోచననే కొట్టిపారెయ్యకండి. 2011లో నేమ్‌కాయిన్ అనే బ్లాక్‌చెయిన్ పెట్టిన డాట్ బిట్ పేర్లతో మొదలైంది ఇదంతా. అక్కడ పేరు ఉంచుకోడానికి ఖర్చు దాదాపు లేకపోవడంతో జనం ఎగబడి పేర్లు పట్టేసుకున్నారు, 2015లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు చూస్తే 1,20,000 పేర్లలో నిజంగా వాడుకలో ఉన్నవి 28. అందుకే ఈఎన్ఎస్‌లో ఏడాది ఫీజు పెట్టారు, అయిదు అక్షరాలు ఆపైన ఉంటే అప్పట్లో 5 డాలర్లు, గ్యాస్ (బ్లాక్‌చెయిన్‌లో ఒక్కో లావాదేవీకి కట్టే రుసుము) అదనం. అంటే అదీ అద్దే, మీ ఫ్రెండ్‌కి చెప్పండి.

జీవితాంతం అని అమ్మేవాటితో ఇంకో చిక్కుంది. అన్‌స్టాపబుల్ డొమైన్స్ అనే కంపెనీ వాళ్ళు డాట్ కాయిన్ అమ్మారు, ఎమర్‌కాయిన్ అనే ఇంకో బ్లాక్‌చెయిన్ వాళ్ళకి అదే డాట్ కాయిన్ ముందునుంచే ఉందని తేలి 2022లో ఆపేశారు. ఒకే పేరు రెండు చోట్ల రెండు రకాలుగా తెరుచుకుంటే చూసేవాళ్ళ గతేంటి? అందరూ ఒప్పుకున్న ఒక్క లిస్టు ఉండటంలో ఉన్న విలువ ఇక్కడే తెలుస్తుంది.

గోదారిగట్టు:
థాంక్సండి. ఒకవేళ అదనంగా డాట్ ఈత్ పేరు ఒకటి కొనిపెట్టుకుంటే దాని తాళం, అంటే రహస్య కీ, ఎవరి దగ్గరుండాలి? మా కమిటీ రెండేళ్ళకోసారి మారిపోతుంది.

తాళంచెవి:
అసలు ప్రశ్న ఇదేనండి. మామూలు డొమైన్ పాస్‌వర్డ్ పోతే ఐడీ ప్రూఫులు పంపి డొమైన్ అమ్మిన రిజిస్ట్రార్‌ని బతిమాలుకోవచ్చు, ఇక్కడ తాళాన్ని తిరిగి తెచ్చే పన్నెండు పదాల సీడ్ ఫ్రేజ్ పోతే అడగడానికి మనిషే ఉండడు. ఒక్కరి వాలెట్‌లో (తాళాలు దాచే యాప్) అస్సలు పెట్టొద్దు. మల్టీసిగ్ వాలెట్ తెరవండి, లైబ్రేరియన్, ప్రెసిడెంట్, మీరు, ముగ్గురిలో ఇద్దరు సైన్ చేస్తేనే పని జరిగేలా పెట్టుకోండి, కమిటీ మారినప్పుడు పాతవాళ్ళ తాళం తీసేసి కొత్తవాళ్ళది చేర్చొచ్చు. ఫైళ్ళు ఐపీఎఫ్ఎస్‌లో (చాలా కంప్యూటర్లు కలిసి ఫైళ్ళు పంచుకునే నెట్‌వర్క్) పెట్టి ఆ పేరుకి తగిలించండి, కాకపోతే కనీసం ఒక కంప్యూటర్ అయినా వాటిని పిన్ చేసి, అంటే చెరిగిపోకుండా దాచి, ఉంచాలి, లేకపోతే పేరు మిగిలి ఫోటోలు పోతాయి.

శీను_నెట్‌వర్క్స్:
డాట్ ఇన్ ధర సంగతి అయితే రిజిస్ట్రార్‌ని మార్చెయ్యండి, ట్రాన్స్‌ఫర్ కోడ్ అడిగి తీసుకోవచ్చు. గడువు దగ్గరికొచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే మొదలుపెట్టండి.