మంచమెక్కిరి: ఓ జడివాన పద్యంలో పల్లె సుఖం

మొన్న మన గుంపులో ఒకరు ఆముక్తమాల్యదలోని పద్యమొకటి పెట్టి, "చివర మంచమెక్కిరి అంటే జబ్బుపడ్డారనా?" అని అడిగారు. ఒక్క ముక్కలో తేల్చేసే ప్రశ్న కాదనిపించి విడిగా రాస్తున్నాను. నాకు చాలా ఇష్టమైన పద్యం. అందుకే కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

గురుగుం జెంచలిఁ దుమ్మి లేఁదగిరిసాకుం దింత్రిణీపల్లవో
త్కరముం గూడఁ బొరంటి నూనియలతోఁ గట్టావి కుట్టారికో
గిరముల్ మెక్కి తమిన్ బసుల్ పొలము వోఁ గ్రేపుల్ మెయిన్ నాక మే
కెరువుం గుంపటి మంచ మెక్కిరి ప్రభుత్వైకాప్తి రెడ్లజ్జడిన్

నాలుగో ఆశ్వాసంలో వర్షర్తువు వర్ణన చాలా దూరం సాగుతుంది. అందులోది ఈ మత్తేభం. రాసినవాడు 1509 నుంచి 1529 దాకా విజయనగరాన్ని ఏలిన శ్రీకృష్ణదేవరాయలు. అంతటి రాజు, ముసురు పట్టిన రోజున ఓ పల్లెటూరి రైతు ఏ ఆకుకూర తిన్నాడో, మంచం పక్కన ఏం రాజేసుకున్నాడో ఇంత దగ్గరగా చూసి రాశాడంటే, చదివిన ప్రతిసారీ ఆయన మీద గౌరవం పెరుగుతుంది నాకు.

ముందు ప్రశ్న సంగతి. కాదండీ, జబ్బు కాదు. ఇవాళ మనం "ఆయన మంచమెక్కాడు" అంటే ఇక లేవలేని స్థితి అనే అర్థం. ఈ పద్యంలో మంచమెక్కడం అచ్చమైన సుఖం. కడుపు నిండింది, బయట వాన దంచుతోంది, చేలో అడుగు పెట్టే వీలు లేదు, కింద సెగ ఉంది. ఎక్కి కూర్చున్నారు, లేదా పడుకున్నారు. అంతే.

వాక్యం కట్టిన తీరు చూడండి. నాలుగు పాదాలకూ కలిపి సమాపక క్రియ ఒక్కటే, ఆ "ఎక్కిరి". పొరంటి, మెక్కి, పశువులు పోగా, దూడలు నాకగా... అన్నీ దాని ముందు వరసలో నిలబడ్డవే. ఒక్కో చిన్న సంగతీ అమరుతూ వస్తేనే చివరికి మంచం దక్కుతుంది. తెలుగు వాక్యం సహజంగానే అలా నడుస్తుంది కాబట్టి మనకు ప్రత్యేకంగా అనిపించదు గానీ, ఇక్కడ అర్థానికి ఆ నడక అతికినట్టు సరిపోయింది.

ఇప్పుడు ఆకులు. గురుగు, చెంచలి, తుమ్మి, లేత తగిరిస. ఈ నాలుగింటిలో ఒక్కదాన్ని కూడా ఎవరూ విత్తరు. తొలకరి పడగానే చేలల్లో, గట్ల మీద, పెరట్లో వాటంతటవే లేస్తాయి. రైతు లెక్కలో ఇవి కలుపు. గురుగు అంటే తెలంగాణలో గునుగు. బతుకమ్మలో పేర్చే ఆ పువ్వు మొక్కే, లేతగా ఉన్నప్పుడు కోసుకుంటే కూర. తుమ్మి పువ్వు శివుడికి, ఆకు మనకు. వినాయక చవితినాడు తుమ్మికూర వండే ఇళ్లు తెలంగాణలో ఇప్పటికీ ఉన్నాయి. తగిరిసను తంటెం అని కూడా అంటారు. ముదిరితే నోట పెట్టలేం, అందుకే కవి "లేఁ" అన్న మాట మరిచిపోలేదు. ఏ ఆకును ఎప్పుడు కోయాలో తెలిసినవాళ్ల మాట అది. రైతును పొలంలోంచి ఇంట్లోకి తరిమిన వానే అతని పళ్లెంలోకి కూరను మొలిపించిందన్నమాట.

వీటికి పులుపు చింతచిగురు. అంత అచ్చతెలుగు మధ్యలో ఒక్క చింతచిగురుకే "తింత్రిణీపల్లవోత్కరము" అని సంస్కృతం పేరు ఎందుకా అని చాలామంది అడుగుతారు. గురుగు, గిరము, ఎరువు... పాదాల రెండో అక్షరం చూడండి, అంతటా రకారమే. రెండో పాదం "త్కరముం" అని మొదలైతేనే ప్రాస నిలుస్తుంది. కానీ ప్రాస కోసమే అని వదిలేయడం నాకిష్టం లేదు. ఆకుల పేర్లు చకచకా నాలుగు వచ్చాక ఆ పొడుగాటి సమాసం నోట్లో మెల్లగా సాగుతుంది. గట్టిగా పైకి చదివి చూడండి.

రెండో పాదం చివర అసలు మజా ఉంది. "కట్టావి కుట్టారికోగిరముల్". బళ్లో మనందరం ద్విరుక్తటకార సంధి వల్లించాం కదా: కుఱు, చిఱు, కడు, నడు, నిడు శబ్దాల ఱ, డలకు అచ్చు పరమైతే ద్విరుక్త టకారం. చిట్టెలుక, కట్టెదురు, నట్టిల్లు, నిట్టూర్పు. ఉదాహరణలు అక్కడితో ఆగిపోతాయి. ఇక్కడ పక్కపక్కనే రెండున్నాయి. కడు + ఆవి కట్టావి, అంటే బాగా పొగలు కక్కే ఆవిరి. కుఱు + ఆరిక కుట్టారిక, అంటే చిన్న గింజ ఆరికలు. ఓగిరం అంటే అన్నం. వేడివేడిగా ఆవిరి లేస్తున్న ఆరికన్నం అని అర్థం. రెండు "ట్టా"లు వెంటవెంటనే పడేసరికి నోట్లో పెద్ద ముద్ద పెట్టుకున్నట్టు ఉంటుంది. పిల్లలకు ఈ సంధి చెప్పే పంతుళ్లు ఎవరైనా ఇక్కడుంటే, దయచేసి ఈ పాదం కూడా బోర్డు మీద రాయండి.

ఆరికలు దంచడం మామూలు పని కాదు, గింజ మీద పొట్టు పొరలు పొరలుగా ఉంటుంది. వరన్నం కాదు, ఆరికన్నం అని కవి ప్రత్యేకంగా చెప్పడంలోనే అది మెట్టనేల అని తెలిసిపోతుంది. ఏటి పక్క వరిపొలాల ఊరు కాదిది.

"మెక్కి" దగ్గర చాలామంది ఆగిపోతారు. ఇవాళ "మెక్కుతున్నాడు" అంటే తిట్టు. రాయలు రెడ్లను వెక్కిరిస్తున్నాడని రాసినవాళ్లను కూడా చూశాను. నేను ఒప్పుకోను. వెంటనే వచ్చే "తమిన్" చూడండి. తమి అంటే ఇష్టం, కోరిక. ఈ తమిన్‌ను దేనికి అన్వయించాలన్న దాని మీద మూడు దారులున్నాయి. ఇష్టంగా మెక్కి అనొచ్చు. పశువులు కొత్త పచ్చిక కోసం ఆశగా పొలం పోగా అనొచ్చు. దూడలు ప్రేమగా ఒళ్లు నాకగా అని కూడా లాగొచ్చు, కాస్త దూరాన్వయం అయినా సరే. నా మట్టుకు మొదటిదే సరి. మెక్కడం మొరటుగా వినిపించకుండా ఆ ఒక్క మాట దాన్ని ఆప్యాయం చేస్తోంది. రోజంతా అరక దున్నే మనిషి తినే తిండి అలాగే ఉంటుంది. మునివేళ్లతో కెలికితే వాడికి ఆనదు.

క్రేపులంటే దూడలు. తల్లులు మేతకెళ్లాయి, ఇవి ఇంటి దగ్గరే కట్టేసి ఉన్నాయి. పక్కన మనిషి దొరికితే నాకుతాయి. చెమట ఉప్పదనం వాటికి ఇష్టం. దూడ నాలుక గరుకు ఎరిగినవాళ్లకు ఇక్కడ చెయ్యి చురుక్కుమంటుంది. ఒకే చోట రెండు మూడు సార్లు నాకితే తోలు ఎర్రబడుతుంది, అయినా తోసెయ్యబుద్ధి కాదు. కావ్యాల్లో మలయమారుతాలూ చందనాలూ శరీరానికి సుఖమిస్తాయి. ఇక్కడ ఆ పని దూడ నాలుకకు అప్పగించాడు.

ఇక మేకెరువు. మేక + ఎరువు, ఎండిన మేక పెంటికలు. జడిలో కట్టెలు తడుస్తాయి, పిడకలు చెమ్మగిల్లుతాయి. కొట్టంలో మూల పోగు చేసిన మేక పెంటికలు పొడిగా మిగులుతాయి. భగ్గున మండవు, నివురు కింద మెల్లగా రాజుకుంటూ సెగ ఇస్తాయి. కుంపటి పెట్టుకున్న మంచానికి సరిగ్గా కావలసింది అదే. మంట లేస్తే నులక అంటుకుంటుంది కదా!

చివరగా "ప్రభుత్వైకాప్తి రెడ్లు". ప్రభుత్వం అంటే ఇక్కడ సర్కారు కాదు, పెత్తనం. పెత్తనమొక్కటే తమ వంతుగా ఉన్న ఊరి పెద్దలు అని నేను చదువుకుంటాను. అజ్జడిన్ అంటే ఆ జడిలో, త్రికసంధి. ఈ పద్యంలో కొనితెచ్చుకున్న వస్తువు ఏదైనా ఉందేమో వెతికి చూడండి. నూనె గానుగది అనుకున్నా గింజలు ఇంటివే అయి ఉంటాయి. ప్రభువులని పిలిచి, వాళ్లకు కవి ఇచ్చిన వైభవం కలుపు మొక్కల కూర, ఆరికన్నం, మేక పెంటికల సెగ. అది వెక్కిరింత కాదు. వాళ్లకు ఆ పూట నిజంగా ఏ లోటూ లేదని కవికి తెలుసు.

— స్పందన —

చాలా బాగా విప్పారండీ. "పొరంటి" దగ్గర నాకు మా ఇంట్లో మాట గుర్తొచ్చింది. కోడిగుడ్డు పొరటు అంటాం కదా, అదేనా ఇది?

— జవాబు —

అదేనండీ. గరిటెతో అటూ ఇటూ తిరగేస్తూ నూనెలో మగ్గించడం. "వేయించి" అంటే కరకరలాడుతుంది, "ఉడికించి" అంటే నీళ్లుంటాయి. ఆకుకూరకు పొరటడమే సరైన మాట. రాయల వంటింటి మాట కోడిగుడ్డు పుణ్యమా అని మన దగ్గర బతికింది.

— స్పందన —

గురువుగారూ, నాలుగో పాదంలో యతి, అంటే పాదం మొదటి అక్షరంతో కలవాల్సిన అక్షరం, ఎక్కడుంది? మత్తేభానికి పద్నాలుగో అక్షరం కదా. లెక్కపెడితే "త్వై" వస్తోంది. మొదట "కె" ఉంది. క, త కలవవు. పాఠం ఏమైనా తేడానా?

— జవాబు —

మంచి ప్రశ్న. పాఠం సరైనదేనండీ. ఇక్కడ హల్లు చూడకూడదు, సంధిలో దాక్కున్న అచ్చు చూడాలి. మూడో పాదం చివర "మే", నాలుగో పాదం మొదట "కెరువు". విడదీస్తే మేక + ఎరువు. ఎరువులోని ఎ ఒక వైపు. అటు ప్రభుత్వ + ఏక, అందులోని ఏ మరో వైపు. ఎ, ఏ చక్కగా చెల్లాయి. మేకను పాదం విరుపులో రెండు ముక్కలు చేసి, ఎరువుకూ ఏకానికీ యతి కలిపాడు! మిగతా మూడు పాదాలూ సూటిగానే ఉన్నాయి: గు-కుం, త్క-గ, గి-గ్రే.

— స్పందన —

జడి, ముసురు ఒకటేనా? మీరు పైన రెండూ వాడారు.

— జవాబు —

ఒకటి కాదు. ముసురు అంటే ఆకాశం మూసుకుపోయి, రోజుల తరబడి సన్నగా పడే తుంపర. జడిలో ధార ఉంటుంది, విడవకుండా గట్టిగా కొడుతుంది. అయితే రెండూ "పడతాయి" అనం, "పట్టాయి" అంటాం. పట్టుకున్నది వదలాలి కాబట్టి ఎప్పుడు తెరిపిస్తుందా అని చూస్తాం. చినుకు, జల్లు మాత్రం పడతాయి, పోతాయి. పద్యంలో ఉన్నది జడి కాబట్టి పొలం పని పూర్తిగా ఆగిపోయింది. ముసురులోనైతే గొంగడి కప్పుకుని చేలోకి పోయేవాళ్లు ఉంటారు.

— స్పందన —

అన్నయ్యా, పద్యం నాకూ నచ్చింది గానీ ఒక మాట అడుగుతాను. ఆ వానలో గట్ల వెంట తిరిగి ఆకు కోసింది ఎవరు? ఆరికలు దంచింది ఎవరు? పొరటింది ఎవరు? "పొరంటి, మెక్కి" అని రెండూ రెడ్లకే కట్టాడు కవి. మంచమెక్కినవాళ్ల సుఖం సరే, పొయ్యి దగ్గరున్నవాళ్లు ఈ పద్యంలో ఎక్కడున్నారు?

— జవాబు —

సరిగ్గా పట్టుకున్నావమ్మా. వ్యాకరణం ప్రకారం క్త్వార్థకానికి, అంటే "పొరంటి", "మెక్కి" లాంటి అసమాపక క్రియకు, చివరి క్రియకు కర్త ఒక్కరే ఉండాలి, కాబట్టి పొరటింది కూడా రెడ్లే అవుతారు. నిజం అది కాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. పద్యం ఆ చేతులను చూపించలేదు. నేను పైన రాసిన దాంట్లో కూడా ఆ మాట రావలసింది.

అయితే కవి వాళ్లను మొత్తానికే చూడలేదనడం కుదరదు. ఇదే వర్షర్తు వర్ణనలో, నిప్పు కోసం ఇల్లిల్లూ తిరిగే ఇల్లాలి అవస్థ మీద ఓ సీసం ఉంది. అగ్గిపెట్టె లేని కాలం. జడివానలో పొయ్యిలో నిప్పు చల్లారిందంటే పొరుగింటి నుంచి తెచ్చుకోవాలి, వాళ్ల పొయ్యీ ఆరిపోయి ఉంటే ఇంకో ఇల్లు. దొరికిన కాస్త నిప్పునూ తడవకుండా ఇంటిదాకా తెచ్చి, చెమ్మ కట్టెల కింద పెట్టి ఊదాలి. ఈ రెండు పద్యాలనూ పక్కపక్కన పెట్టి చదివితేనే ఆ ఇల్లు పూర్తిగా కనిపిస్తుంది. మంచం కింది కుంపటిలోకి ఆ పూట నిప్పు ఎలా వచ్చిందో రెండో పద్యం చెబుతుంది.

ఆ సీసాన్ని ప్రతిపదార్థంతో విడిగా పెడతాను, ఇక్కడే ఇరికిస్తే దానికి న్యాయం జరగదు. నీకు వీలైతే మీ అమ్మనో నాయనమ్మనో అడిగి, నిప్పు అడిగి తెచ్చుకోవడానికీ రాత్రి నిప్పు కాపాడుకోవడానికీ మీ వైపు ఏ మాటలు వాడేవాళ్లో రాయి. నివురు కప్పడం, కుంపటి ఎగదోయడం లాంటివి. ఆ సీసం చదివేటప్పుడు అవి పనికొస్తాయి.