నిద్రపోతున్నవాడి భుజం మీద పాము: ఈ శిల్పంలో దేవుడు ఎవరు?

కృష్ణలంక ఫిజియో:
పోయిన నెల ఏథెన్స్‌లోని జాతీయ పురావస్తు మ్యూజియంలో ఒక పాలరాతి ఫలకం ముందు చాలాసేపు నిలబడిపోయాను. ఎడమవైపు గడ్డం ఉన్న పెద్దాయన ఒక కుర్రాడి భుజానికి వైద్యం చేస్తున్నాడు. వెనక, మంచం మీద పడుకున్న మనిషి భుజాన్ని పాము నోటితో తాకుతోంది. కుడి చివర ఇంకొకతను చెయ్యెత్తి దండం పెడుతున్నాడు. పదకొండేళ్లుగా పట్టేసిన భుజాలతోనే నా పని, అందుకే కదల్లేకపోయాను. ఆ పెద్దాయన గ్రీకుల వైద్య దేవుడు అస్క్లేపియసేనా? పాము కాటేస్తోందా?

రాతిబొమ్మలు:
కాదండి, ఆంఫియరావోస్. గ్రీకు పురాణాల్లో థీబ్స్ నగరం మీదికి యుద్ధానికి వెళ్లి రథంతో సహా భూమిలోకి దిగిపోయిన జోస్యుడు. తర్వాత ఆయన్ని జబ్బులు నయం చేసే దేవుడిగా కొలిచారు. ఏథెన్స్‌కు ఉత్తరాన ఒరోపోస్‌లో ఆయన గుడి ఉండేది. ఫలకం కింది అంచున దాత పేరు చెక్కారు: ఆర్కినోస్. క్రీ.పూ. 4వ శతాబ్దపు పని. మీరు చూసిన కుర్రాడు, పడుకున్నవాడు, దండం పెట్టేవాడు ముగ్గురూ ఒక్కడే, ఆ ఆర్కినోసే!

ఆ గుడిలో రోగి పొట్టేలును బలిచ్చి, దాని చర్మం పరుచుకుని, కల కోసం పడుకునేవాడని ప్రాచీన గ్రీకు యాత్రికుడు పౌసానియస్ రాశాడు. ఎపిడౌరోస్‌లోని అస్క్లేపియస్ గుడి శాసనాల్లో ఒక కథ ఉంది. కాలివేలికి పుండు పడ్డ మనిషి నిద్రపోతుంటే పాము వచ్చి నాలుకతో నయం చేసింది. అతను లేచి, అందమైన యువకుడు మందు రాసినట్టు కల వచ్చిందన్నాడు. ఆ కథ చదివాకే నాకు ఈ ఫలకం అర్థమైంది. దేవుడి వైద్యం ఆర్కినోస్‌కు వచ్చిన కల, పాము మాత్రం పక్కనున్నవాళ్లకు కనిపించేది. రెండూ ఒకే రాత్రి. కాటు కాదు, వైద్యమే.

గుంటూరు శారద:
రాతి పైఅంచున రెండు కళ్లు కూడా ఉంటాయి, గమనించారా? మా అమ్మమ్మ కంటి ఆపరేషన్ అయ్యాక గుళ్లో వెండి కళ్లు మొక్కు చెల్లించింది. గ్రీకులదీ అదే అలవాటు. కొరింథ్ అస్క్లేపియస్ గుడిలో మట్టితో చేసిన చేతులు, కాళ్లు, చెవులు కుప్పలుగా దొరికాయి. ఏథెన్స్‌లో లిసిమాకిడెస్ అనే అతను ఇచ్చిన ఫలకం మీద పెద్ద కాలు, దానిమీద ఉబ్బిన నరం చెక్కి ఉంటాయి.

కృష్ణలంక ఫిజియో:
ఆ నరం కాలు నేనూ చూశానండి, వెరికోస్ వెయిన్స్ అని చూడగానే తెలిసింది! కళ్లు మాత్రం గమనించలేదు. ఇప్పుడు నా ఫొటో పెద్దది చేసి చూస్తే ఉన్నాయి. ఇంకోటి కూడా కనిపించింది. మంచం మీద ఆర్కినోస్ నొప్పి ఉన్న భుజాన్ని పైకే ఉంచాడు. రాత్రి ఎలా పడుకోవాలని అడిగే పేషెంట్లకు నేను చెప్పేదీ అదే.