రెల్లి వాళ్ల కులవృత్తి పళ్ల వ్యాపారమేనా?

ప్రశ్న: మా విశాఖలో పళ్ల గంపల దగ్గరా రెల్లి వాళ్లే, మున్సిపాలిటీ పారిశుద్ధ్యంలోనూ వాళ్లే. ఎందుకలా?

జవాబు: నేను రెల్లినేనండీ, విజయనగరం. ఇంట్లో ఒడియాకు దగ్గరి మాట, బయట తెలుగు. మా అమ్మ పనసకాయను తట్టి, చప్పుడు బట్టే పండిందో లేదో చెప్పేసేది. తాత మాత్రం చీపురు పట్టాడు. మా గంపలో పళ్లు బేరమాడి కొన్నవాళ్లే, దాహమంటే దోసిట్లో పైనుంచి నీళ్లు పోసేవారు! నాకిప్పటికీ మంటే.

ఇంకొకరు: ఎస్సీల్లోనూ వెనకబడ్డవాళ్లే. ఎస్సీ రిజర్వేషన్‌ను ఉపకులాల మధ్య పంచిన 2000 నాటి వర్గీకరణ చట్టంలో రెల్లి, అనుబంధ కులాలకు 1 శాతం రిజర్వేషన్. 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024లో అదే కోర్టు తీర్పుతో వర్గీకరణకు దారి తెరుచుకుంది. 2025లో ఏపీలో మళ్లీ అదే 1 శాతం.

మొదట జవాబిచ్చినాయన: అవునండీ. మా చెల్లి గ్రూప్స్‌కి చదువుతోంది, ఆ ఒక్క శాతం మీదే టెన్షనంతా.