సమస్యాపూరణం: «గోడలేని యిల్లు కోటయయ్యె»

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. దీనితో ముగిసేలా మిగతా మూడు పాదాలూ మీరు పూరించాలి.

గోడలేని యిల్లు కోటయయ్యె

వస్తువు పిల్లల కథల్లోని ఇల్లు. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు (పొట్టి గణాలు), రెండు ఇంద్రగణాలు (కాస్త పొడవైనవి). 2, 4 పాదాల్లో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొంతన. దానికి బదులు ప్రాసయతి, అంటే ఆ రెండు చోట్లా రెండో అక్షరాల పొంతన, చెల్లుతుంది. అమ్మ ఒడి, అవ్వ ఒడి మాత్రం వద్దు. అందరికీ ముందు తోచేది అదే.

పాతచూరు:
లక్క గోడలన్ని యొక్కటై మండగా
తల్లితోడ బిలము దాటి వెడలి
యడవిఁ జేరినట్టి యైదుగురికి నాఁడు
గోడలేని యిల్లు కోటయయ్యె.

నిర్వాహకుడు:
శుభారంభం. లక్క, ఒక్క ప్రాసయతి హాయిగా పలికింది. జనుము, సర్జరసం (చెట్టుబంక), నెయ్యి, లక్క కలిపి పురోచనుడు కట్టించిన ఆ గోడలు చూడ్డానికి రాజభవనమే. పాండవులను కాపాడింది మాత్రం విదురుడు పంపిన ఖనకుడు తవ్విన సొరంగం. ఒక్క సందేహం. అడవిని కోట అన్నారు, మరి అక్కడున్న రాక్షసుడు హిడింబుడి మాటేమిటి?

పాతచూరు:
అందుకేనండీ ఆ రాత్రి భీముడు నిద్రపోలేదు. అతను మేలుకుని ఉన్నంతసేపూ అది కోటే.

నిర్వాహకుడు:
సమాధానం పద్యాన్ని మించింది. ఆ మెలకువను మూడో పాదంలో ఎక్కడైనా ఇరికించగలిగితే పూరణ ఇంకో మెట్టు ఎక్కేది.

ఇసుకగూడు:
బొగ్గుతోడ నేల పొందుగా గీసిన
గీత దాటలేక భూతమాగె
ఆటలోని చిన్ని యమ్మకు నిజముగా
గోడలేని యిల్లు కోటయయ్యె.

నిర్వాహకుడు:
'చిన్ని యమ్మ' చాలా బాగుంది. రెండో పాదం చివర 'ఆగె' ద్రుతాంతం (చివర నకారం వచ్చే మాట) కనుక మూడో పాదం 'నాటలోని' అని మొదలుపెడితే విసంధి, అంటే సంధి చేయకుండా వదిలేసిన దోషం, ఉండదు. 'నిజముగా' గణం కోసం వచ్చిందేమో అనిపించింది.

ఇసుకగూడు:
లేదండీ, కావాలనే వేశాను. గీత మీద కాలు పడితే "గోడ తన్నేశావు" అని ఏడ్చే పిల్లకు అది నిజం గోడే.

పాతచూరు:
నిజమే. అసలు గోడ ఉన్నచోటే కథల్లో ఎక్కువ ముప్పు. గ్రిమ్ సోదరులు 1812లో అచ్చువేసిన మేకపిల్లల కథలో తోడేలు గోడ జోలికే పోదు. సుద్ద తిని గొంతు మెత్తన చేసుకుంటుంది, కాలికి పిండి పూయించుకుంటుంది. పిల్లలే గడియ తీస్తాయి. ఆ సంపుటంలోనే రొట్టెతో కట్టిన ఇల్లుంది, చక్కెర కిటికీలతో. అందులోకి పిల్లలు తామే వెళ్ళి చిక్కుకుంటారు. జోసెఫ్ జేకబ్స్ 1890లో వేసిన మూడు పందిపిల్లల కథలోనూ ఇటుక గోడ ఊదితే కూలదు గానీ, తోడేలు పొగగొట్టంలోంచి దిగుతుంది. దాన్ని చంపింది కింద కాగుతున్న నీళ్ళకుండ.

నిర్వాహకుడు:
అంటే ఈ కథల మేస్త్రీలు గోడ కన్నా తలుపు మీదే ఎక్కువ బుర్ర పెట్టారన్నమాట! ఎవరికి తీయాలి, ఎవరికి తీయకూడదు.

కొత్తకలం:
నాకిదే తొలి పూరణ. తప్పులుంటే మన్నించండి.
పలుకు గుహను వీడి వెళ్ళిన నక్కకు
బయలు దక్క వేరు బ్రతుకు లేదు
సింగమున్న యింటఁ జేరుట చావౌను
గోడలేని యిల్లు కోటయయ్యె.

నిర్వాహకుడు:
కొత్తకలం గారూ, స్వాగతం. లోపల సింహం దాగిందేమోనని నక్క తన గుహను పిలిచి, అది పలికేసరికి పారిపోయిన పంచతంత్ర కథను ఎంచుకోవడం మంచి ఊహ. మొదటి పాదంలో గణాలు సరిపోయాయి గానీ యతి తప్పింది. 'ప'కు 'వె' కుదరదు. 'పరుగెత్తు నక్కకు' అంటే యతి దక్కుతుంది, ఆ నక్క కంగారు కూడా కనిపిస్తుంది. మూడో పాదంలో స-జ యతి సరైనదే, భయపడకండి. అన్వయమే కాస్త పలచన. బయలు నక్కకు దిక్కయింది సరే, కోట ఎలా అయిందో పద్యం చెప్పడం లేదు.

ఇసుకగూడు:
నాకు మాత్రం ఆ నక్క తెలివే కోట. పిలిస్తే ఇల్లు పలకకూడదు. పలికిందంటే లోపల ఎవరో దూరినట్టే.

కొత్తకలం:
సవరణకు ధన్యవాదాలండీ. 'పరుగెత్తు' అన్న మాట రాత్రంతా వెతికినా తట్టలేదు.

నిర్వాహకుడు:
నా ప్రయత్నం. కోతికి ఇల్లు కట్టుకోమని హితవు చెప్పి, ఉన్న గూడు పోగొట్టుకున్న పిట్టల కథకు నేను కల్పించిన కొనసాగింపు:
గూడు చెదిరిపోఁగ గువ్వజంటకు నాఁడు
కొమ్మలిచ్చి చెట్టు కూర్మిఁ జూపె
నాకునీడలందు నా జడివానలో
గోడలేని యిల్లు కోటయయ్యె.

పాతచూరు:
పద్యం హృద్యంగా ఉంది. కానీ మూడో పాదం 'నాకు, నీడలందు' అని చదివి, మీరే వానలో తడుస్తున్నారనుకున్నాను!

నిర్వాహకుడు:
సంధి చేస్తే ఇలా అయింది. సరే, 'ఆకునీడలందు' అనే ఉంచుతాను. విసంధి దోషం నా నెత్తిన.

ఇసుకగూడు:
అయితే నా 'ఆటలోని' కూడా అలాగే ఉండనిస్తారా?