కూలెంట్ తగ్గింది, బోరు నీళ్లు పోయొచ్చా?

ప్రశ్న: పెట్రోల్ స్విఫ్ట్. కూలెంట్ డబ్బాలో కింది గీత కన్నా తగ్గింది. బోరు నీళ్లతో సరిపెట్టొచ్చా? ఆయిల్ ఇంట్లో మార్చుకుంటే ఏమేం కొనాలి?

జవాబు 1: బోరు నీళ్లు వద్దండి. అందులోని సున్నం రేడియేటర్ సన్న గొట్టాల్లో పేరుకుంటుంది, ఇంజన్ వేడెక్కి హెడ్ గాస్కెట్ (ఇంజన్ పైభాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోవచ్చు. నీళ్లు కలపని చిక్కటి కూలెంట్ అయితే అర లీటరుకి అర లీటరు డిస్టిల్డ్ వాటర్ కలపండి. మూత ఇంజన్ పూర్తిగా చల్లారాకే తియ్యాలి.

జవాబు 2: ఆయిల్ మూడు లీటర్ల పైచిలుకు పడుతుంది, గ్రేడు మాన్యువల్‌లో చూడండి. ఫిల్టర్‌తోపాటు డ్రెయిన్ బోల్టు వాషరూ కొత్తది వెయ్యండి, పాతదైతే చుక్కచుక్కగా కారుతుంది. పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోతుంటుంది, వేలితో తడిమి చూడండి. కొత్త రింగుకి ఆయిల్ రాసి చేత్తోనే బిగించాలి.

జవాబు 3: నెలలోపే కూలెంట్ మళ్లీ తగ్గితే ఎక్కడో కారుతోంది. హోస్ క్లిప్పుల దగ్గర ఎండిన మరకలు వెతకండి. డిప్‌స్టిక్‌కి (ఆయిల్ మట్టం చూసే పుల్ల) పాలు కలిపిన టీ రంగు ఆయిల్ అంటితే కూలెంట్ ఆయిల్‌లో కలుస్తున్నట్టు, బండి స్టార్ట్ చెయ్యొద్దు.