గుట్ట కొనేద్దామా, కొనకుండా కాపాడదామా?

జయనగర్ జామచెట్టు:
బెంగళూరులో స్థిరపడ్డ తెలుగువాళ్లం పదకొండు మందిమి రెండేళ్ల కిందట ఒక ట్రస్టు పెట్టుకున్నాం. చుట్టుపక్కల మిగిలిన గుట్టలు, కుంటలు కొన్నైనా ప్లాట్లు కాకుండా నిలబెట్టాలని. ఇప్పుడొక అవకాశం వచ్చింది. కర్ణాటకలోనే, ఆంధ్రా బార్డరు దగ్గర బాగేపల్లి దాటి లోపలికి వెళ్తే నాలుగెకరాల గుట్ట. బండలు, బోదగడ్డి, అక్కడక్కడ సీతాఫలం, కింద చిన్న కుంట. తొలకరికి నెమళ్లు దిగుతాయి. రైతు కూతురి పెళ్లి పెట్టుకుని అమ్మేస్తానంటున్నాడు. 58 లక్షలు చెబుతున్నాడు, మా ఖాతాలో 62 ఉన్నాయి. పక్క సర్వే నంబరులో అప్పుడే సున్నం కొట్టిన ప్లాటు రాళ్లు లేచాయి. ట్రస్టీల్లో ఆరుగురం కొనేద్దామంటున్నాం, ఐదుగురు వద్దంటున్నారు. ఆదివారం మీటింగులో తేల్చాలి. నన్నడిగితే, కాగితం మన పేరున లేనిది ఏదీ మనది కాదు. మీరేమంటారు?

దస్తావేజుల తాత:
బాబూ, 62లో 58 పోతే నాలుగు మిగులుతుందన్న లెక్క ముందు చెరిపెయ్యి. కర్ణాటకలో రిజిస్ట్రేషన్ ఫీజును 2025 ఆగస్టు ఆఖర్లో 1 శాతం నుంచి 2 శాతం చేశారు. స్టాంపు డ్యూటీ, సెస్సులు కలిస్తే ఆ నాలుగూ అక్కడే సరి. ముళ్లతీగ కొనడానికి మళ్లీ హుండీ తిప్పాలి.

ఇక కాగితాలు. 2020కి ముందైతే ట్రస్టు పేరున వ్యవసాయ భూమి కొనడానికి భూసంస్కరణల చట్టంలోని 79బీ అడ్డం ఉండేది. ఆ ఏడాది సవరణలో అది తీసేశారు. కానీ ఆ గుట్ట రైతుకు తాతల నాటిదా, ప్రభుత్వం గ్రాంటుగా ఇచ్చిందా చూశావా? ఎస్సీ, ఎస్టీలకు ఇచ్చిన గ్రాంటు భూమిని ప్రభుత్వ అనుమతి లేకుండా అమ్మకూడదని 1978 చట్టం. 2023 సవరణ తర్వాత దానికి కాలపరిమితి కూడా లేదు, ఎన్నేళ్లకైనా వారసులు అర్జీ పెట్టి వెనక్కి అడగొచ్చు. వాళ్లది న్యాయమైన హక్కే. చూసుకోకుండా కొన్నవాడే మునుగుతాడు. పహణీలో ఖరాబు, అంటే సాగుకు పనికిరాని నేల, ఎంత రాశారో కూడా చూడు. ఆ బండ బీ ఖరాబు అయితే అది రైతుది కాదు, సర్కారుది. లేనిదానికి డబ్బు కట్టినట్టు.

మల్లేశ్వరం మడతకుర్చీ:
ఇలా భయపెట్టీ భయపెట్టీ చివరికి ప్లాట్లవాడికే అప్పగిస్తాం. వాడికి లేని టెన్షన్ మనకెందుకు? కొడగులో సాయి శాంక్చువరీ అనే ప్రైవేటు అడవి ఉంది కదా. 1991లో మల్హోత్రా దంపతులు 55 ఎకరాలు కొని మొదలుపెట్టి, పక్క రైతుల భూములు కొంటూ 300 ఎకరాల దాకా తీసుకెళ్లారు. సొంతం కాబట్టే అడవిని దాని మానాన పెరగనిచ్చారు. కొను జామచెట్టూ, కొనేసెయ్.

ఆడిటరమ్మ:
వాళ్లు కొన్నది సొంత డబ్బుతో అండీ, మీది విరాళం. ట్రస్టుకు ఏడాదిలో వచ్చినదాంట్లో 85 శాతం ఖర్చు చూపించాలి. చూపించక్కర్లేదు అనాలంటే దాత "ఇది మూలధనానికి" అని స్పష్టంగా రాసివ్వాలి. ఆ ఉత్తరాలు ఉన్నాయా? "గుట్ట కోసం పంపాను అన్నా" అనే వాట్సాప్ మెసేజ్, కింద రెండు దండాలు, నా దగ్గరికొచ్చే ట్రస్టుల్లో సగం మంది చూపించేది అదే. రెండు వేలు దాటి క్యాష్ ఇచ్చినవాళ్లకు విరాళం మీద పన్ను మినహాయింపు రాదు, మార్చిలో వాళ్లు తిట్టేది మిమ్మల్నే. ఇంకొకటి, మన తెలుగువాళ్ల ట్రస్టు కాబట్టి తప్పకుండా అడుగుతున్నా: అమెరికా నుంచి ఎవరి బావమరిదైనా పంపాడా? ఇండియా పాస్‌పోర్టు ఉంటే సరే. అక్కడి పౌరసత్వం తీసుకున్నాడంటే ఎఫ్‌సీఆర్‌ఏ అనే విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి లేకుండా ఒక్క రూపాయి ముట్టకూడదు.

గుడిబండ పిల్లోడు:
అన్నా, మాది ఆ పక్కే. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడ. ఒక మాట అడుగుతా, కోప్పడకు. ఆ గుట్ట మీదుగా గొర్రెలు కుంటకు దిగే దోవ ఉంటుంది. కంచె వేస్తే ఆ దోవ ఏమవుతుంది? ఇన్నాళ్లూ రైతు కాదనలేదు కాబట్టి ఎవరూ కాగితం రాసుకోలేదు. మీ కారు రెండుసార్లు వచ్చిపోతే చాలు, "బెంగళూరోళ్లు రిసార్టు కడతారంట" అని టీ బంకు దగ్గర మాట పుడుతుంది. నెమళ్ల కోసమంటే ఎవరూ నమ్మరు.

బార్డరు అవతల చిలమత్తూరు మండలంలో వీరాపురం ఉంది. ఏటా ఎర్రకాళ్ల కొంగలొచ్చి ఊళ్లో చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. ఆ చెట్లను ఏ ట్రస్టూ కొనలేదు. కొంగలొస్తే వానలొస్తాయని ఊరి నమ్మకం. వాటి జోలికెళ్తే ఊరే ఊరుకోదు.

మల్లేశ్వరం మడతకుర్చీ:
నమ్మకాన్ని ఒక్కసారి బ్రోకరు ముందు నిలబెట్టి చూడు తమ్ముడూ.

గుడిబండ పిల్లోడు:
కంచెను కూడా నిలబెట్టి చూడండి సార్. కట్టింగ్ ప్లేయరు వంద రూపాయలకు దొరుకుతుంది.

కనకపుర రోడ్డు:
ఇద్దరూ ఆగండి. 79బీ తీసేసిన మరుసటి ఏడాదే మేం మూడెకరాలు కొన్నాం. రిజిస్ట్రేషన్ రోజు అందరం మైసూర్‌పాక్ తిని ఫొటో దిగాం. ఆ ఫొటోలో ఏడుగురం. ఇప్పుడు గుట్ట ఎక్కేది ఇద్దరం.

మొదటి వేసవిలోనే ఎవడో బీడీ ముక్క పడేశాడు. ఎండిన బోదగడ్డి ఎలా అంటుకుంటుందో చూస్తే గానీ తెలియదు. మేం బక్కెట్లు పట్టుకుని పైకెక్కేలోపు అవతలి వాలు నల్లగా అయిపోయింది. అప్పటినుంచి సంక్రాంతి వెళ్లగానే కూలీలను పెట్టి చుట్టూ రెండు బారల వెడల్పున గడ్డి కోయించి నేల కనిపించేలా పట్టీ తీయిస్తున్నాం. తర్వాతి ఏడాది తూర్పు మూల హద్దురాయి ఒక్క రాత్రిలో ఆరడుగులు నడిచింది. సర్వేకి అర్జీ పెడితే సర్వేయరు వచ్చింది ఐదు నెలలకు. ఆయన కొలుస్తుంటే పక్క పొలమాయన చేతులు కట్టుకుని నిలబడి, "నక్కలు తవ్వుంటాయి సార్" అన్నాడు.

అన్నిటికన్నా కష్టం మనుషులతోనే. కోశాధికారి పోయాడు, పాపం మంచివాడు. బ్యాంకులో సంతకం మార్చాలంటే మిగిలిన ట్రస్టీలందరి తీర్మానం కావాలన్నారు. ఒకరు డల్లాస్‌లో, ఇద్దరు హైదరాబాదులో. నాలుగు నెలలు ఖాతా కదల్లేదు, కాపలా ఆయన జీతం నా పెన్షన్‌లోంచి ఇచ్చాను. ఆ కాపలా ఆయన ఎవరనుకున్నారు? మొదట్లో మా గడ్డిలో గొర్రెలు తోలుతున్నాడని మేం స్టేషన్‌కు ఈడ్చబోయిన మనిషే. బుద్ధొచ్చి ఆయన్నే పెట్టుకున్నాం. మందకు ఒక వైపు వదిలేశాం. ఆయనొచ్చాక రాయి నడవలేదు.

కొనొద్దని చెప్పను. నెలకు 14 వేల జీతం రావాలంటే ఏడు శాతం వడ్డీకి పాతిక లక్షల డిపాజిట్ ఉండాలి. మీ దగ్గర సున్నా.

గడ్డిపరక:
చిన్న మనవి. కొన్నా కొనకపోయినా ఆ బోదగడ్డిలో మొక్కలు నాటే కార్యక్రమం మాత్రం పెట్టకండి. గడ్డి ఖాళీ స్థలం కాదు. బెంగళూరు శివార్లలోని హెసరఘట్ట గడ్డిమైదానం కాపాడమని అడిగినవాళ్లంతా ఏళ్ల తరబడి ఈ ఒక్క మాట చెప్పలేక చచ్చారు.

జయనగర్ జామచెట్టు:
గడ్డిపరక గారూ, వెయ్యి కానుగ మొక్కలకు ఆర్డరిచ్చేశాం. సరే, అది తర్వాత. భూమి రైతు పేరునే ఉంచి, "ప్లాట్లు చెయ్యను" అని రాయించుకుని ఏటా కొంత ఇస్తే? మండ్య జిల్లా కొక్కరెబెళ్లూరులో కొంగలు వాలే చింతచెట్ల యజమానులకు అటవీశాఖ పరిహారం ఇస్తుంది కదా.

దస్తావేజుల తాత:
అమెరికాలో ఆ పద్ధతి బాగా నడుస్తుంది. భూమి రైతుదే, కట్టడాలు కట్టకుండా ఆపే హక్కు మాత్రం ట్రస్టుకు రాసిస్తాడు, తర్వాత కొన్నవాడికీ అది వర్తిస్తుంది. మన దగ్గర అలాంటి చట్టం లేదు. రైతు నీకు రాసిచ్చిన మాట రైతు దాకానే, రేపు ఇంకొకరు కొంటే వాడికి పట్టదు. అయితే 1882 ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 40లో ఒక సందు ఉంది. పక్కనే నీకు సొంత భూమి ఉండి, దాని మేలు కోసం ఈ షరతు అని రాసుకుంటే, షరతు సంగతి తెలిసి కొన్నవాడి మీద కూడా నిలుస్తుంది. అంటే కుంట ఉన్న ఎకరం కొను. మిగతా మూడెకరాల మీద షరతు రాయించుకుని రిజిస్టర్ చేయించు. ఆ ఎకరాన్ని విడగొట్టి చూపే సర్వే నక్షా, అదే 11ఈ స్కెచ్, తీయించి, చెయ్యి తిరిగిన లాయరుతో రాయించు. మిగిలిన డబ్బు డిపాజిట్‌లో వెయ్యి, కనకపురాయన చెప్పినట్టు.

కనకపుర రోడ్డు:
ఈ మాట ఐదేళ్ల కిందట చెప్పాల్సింది తాతా.

జయనగర్ జామచెట్టు:
రైతుకు ఇప్పుడే ఫోన్ చేశాను. "పెళ్లి మాఘంలో సార్. ప్లాట్లాయన మొత్తం తీసుకుంటానంటున్నాడు. మీరు ఎకరం కొని మిగతాదానికి తాళం వేస్తానంటే దాన్ని నేనేం చేసుకోవాలి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. షరతుకు కూడా ధర కట్టాలి, అది ఎంతో ఆదివారం మాట్లాడతాం. అంతకుముందు పహణీ తీయించి గ్రాంటు సంగతి చూస్తున్నాను. మొక్కల ఆర్డరు ఆపించాను. పిల్లోడా, శనివారం ఆ దోవ చూపిస్తావా?

గుడిబండ పిల్లోడు:
పొద్దున్నే రండి అన్నా, ఎనిమిదికల్లా మంద దిగిపోతుంది. కారు తారు రోడ్డు మీదే ఆపెయ్యండి.